పాథశ్శాస్త్రమును గ్రామపు లెక్కయు

కడప మండలములోని పోరుమామిళ్లయందు శిథిలమైన భైరవాలయము ముందర రెండు రాతిపలకలు గలవు. శాలివాహన శకము 1291, అనగా క్రీ.శ. 1369లో, విజయనగరాధీశుడగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నుండి రాజ్యము చేయుచు, ఈ గ్రామమునొద్ద అనంతరాజసాగరమను చెఱువును కట్టించి, ఆ వృత్తాంతమును సంస్కృతమున ఈ పలకలపై చెక్కించెను. ఈ రాజపుత్రునికే భవదూరుడని నామాంతరము. తెలుగుదేశమున చెఱువు శాసనములకు కొదువ లేదు. కాని వానిలో పెక్కింట కానవచ్చునవి దాత వంశావళి, భూమి యెల్లలు, ధర్మమును చెఱచినవానికి గలుగు పాపము. పోరుమామిళ్ల శాసనమన్ననో, చెఱువు కట్టదలచినవాడు ముందుగా నేమేమి విచారింపవలయునో కూడ చెప్పుచున్నది. అందువలన దానిని దానపత్ర మనుటకంటె శిలపై వ్రాసిన పాఠ్యపుస్తక మనుట యుక్తము.

మంచి చెఱువునకు సాధనములు పండ్రెండని యందు గలదు. ధర్మబుద్ధియు, ధనమును, కీర్తికాంక్షయు గల ప్రభువు మొదటి సాధనము. పాథశ్శాస్త్రము, అనగా నీటి శాస్త్రము, నెఱిగిన విద్వాంసుడు రెండవది. తరువాత గట్టి బంకనేల, మూడు యోజనముల దూరమునుండి తీయని నీరు తెచ్చు నది, ఆనుకొనుటకు కొండ, ఆ కొండ భాగముల నడుమ మిక్కిలి పొడవు కాక దృఢమైన రాతికట్ట, విశాలమును లోతును గల చెఱువు కడుపు, తిన్నని పొడుగురాళ్లు దొరకు గని, సమీపమున చదునై ఫలవంతమగు పొలము మున్నగునవి చెప్పబడినవి. కడపటిదగు పండ్రెండవ సాధనము పనితనము తెలిసిన జనసమూహము. వీని కెదురుగా దోషము లాఱు. కట్టనుండి నీ రూరుట, చౌడునేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, చెఱువు నడుమ తాబేటి వీపువలె మిట్ట లేచియుండుట, నీరు కొంచెమై సాగునేల విస్తారమగుట, నేల కొంచెమై నీరు మితిమీరుట.

సరిహద్దు దోషమును చదివినప్పుడు చదువరికి చిఱునవ్వు రాక మానదు. 2014లో రాష్ట్రము రెండుగా విభక్తమైన పిదప శ్రీశైలమును, నాగార్జునసాగరమును ఇరు రాష్ట్రముల నడిమి జలాశయములైనవి. ఆఱు వందల యేండ్లనాటి శాసనకర్త ఈ చిక్కును ఊహించి వ్రాసెనో, అనుభవించి వ్రాసెనో తెలియదు గాని, తెలిసియే వ్రాసెను. కాని అంతకంటె ముఖ్యమైనవి చివరి రెండు దోషములు. నీరెంతయో, నేలయెంతయో ముందుగా కొలిచి లెక్క కట్టినవానికి గాని అవి దోషములుగా కనబడవు. కట్ట తెగినచో ఊరంతయు చూచును. లెక్క తప్పినచో పంట యెండువఱకు ఎవరును చూడరు.

దినమునకు వేయిమంది కూలీలును, రాతిపనికి నూఱు బండ్లును పెట్టగా రెండేండ్లకు పని ముగిసెనని శాసనమున గలదు. ప్రభువును, ధనమును ఒక తావున లేకున్న వేఱొక తావునుండి తెచ్చుకొనవచ్చును. రాయిని దూరమునుండి తోలించుకొనవచ్చును. నీటిశాస్త్ర మెఱిగినవానిని, పని తెలిసినవారిని మాత్రము అరువు తెచ్చుకొన్నచో పని ముగియగానే వారు తమ యూళ్లకు వెడలిపోవుదురు. చెఱువు ఇచటనే ఉండును. తెలుగుదేశపు నీటి చరిత్రయందు ఈ రెండు సాధనముల గతి యేమైనదో విచారించుటయే ఈ వ్యాసమునకు విషయము.

నీటిని కొలుచు విద్య విజయనగర కాలమునకు క్రొత్త కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున కోష్ఠాగారము ముందర అరత్ని వెడల్పు నోరు గల కుండము నుంచి వానను కొలువవలెనని విధి గలదు. అరత్ని యనగా మూర. ఆ గ్రంథముననే సీతాధ్యక్షుని ప్రకరణమున ఏ దేశమున నెన్ని ద్రోణముల వాన కురియునో చెప్పబడినది. జాంగల దేశమునకు 16, అవంతికి 23. అశ్మకదేశపు వాన జాంగల దేశపు వానకంటెను తక్కువగా చెప్పబడుట గమనింపదగినది. ఏలయన ఆ యశ్మకమునకు రాజధానియగు పోదనము నేటి నిజామాబాదు మండలములోని బోధనే యని చరిత్రకారులలో పలువురి మతము. అట్లయినచో తెలుగునేలపై కురియు వానకు గ్రంథస్థమైన కొలత అంత ప్రాచీనమైనదన్నమాట. అయితే ఆ కుండము కోష్ఠాగారము ముందర ఉండెను గాని రైతు చేని గట్టుపై కాదు. వాన కొలత పన్ను కొలతకు తోబుట్టువు. ఈజిప్టు దేశమున కైరో నగరమునొద్ద నైలునది నడుమ నున్న రోడా ద్వీపములో క్రీ.శ. 861లో కట్టిన కొలతస్తంభము నేటికిని గలదు. నది యెన్ని మూరలు పొంగినదో దానిపై చూచి ఆ యేటి శిస్తును అంచనా కట్టుచుండిరి. నీటిని కొలిచినది ప్రభుత్వమే, ఆ కొలతవలన లాభపడినదియు ప్రభుత్వమే.

భూమిలోపలి నీటినిగూర్చి వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళ మను అధ్యాయమును వ్రాసెను. మనుష్యుని యొడలిలో రక్తనాళములవలె భూమిలో నీటి సిరలు పాఱుచుండునని యాతని సిద్ధాంతము. ఏ చెట్టున కే దిక్కున ఎంత దూరమున పుట్ట యున్నచో ఎన్ని నిలువుల లోతున నీరు పడునో అందు వివరింపబడినది. పండితులు దీనిని చాలకాలము శ్లోకములుగా వల్లించిరి. ఆధునికులు మూఢవిశ్వాసమని త్రోసివైచిరి. రెండును విచారణ కావు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రజ్ఞులగు ఇ.ఏ.వి. ప్రసాదుగారు ఈ యధ్యాయమును చేతబట్టి, పుట్టలను, చెట్లను నేలమీద పరిశీలించి, సరియగుదానిని కానిదానిని వేఱుపఱచి, 1980లో ఒక గ్రంథమును ప్రకటించిరి. శాస్త్రమును తమ నేలపై తామే పరీక్షించుకొనుట యన నిట్టిది.

ఇక విజయనగర కాలమున పాథశ్శాస్త్రజ్ఞుడు వట్టి పేరు మాత్రము కాడు. 1388 నాటి యొక శాసనము జలసూత్రమందు ప్రవీణుడగు సింగాయభట్టును పేర్కొనుచున్నది. పెన్నేటి నీటిని కాలువగా త్రవ్వించి పెనుగొండ పట్టణమునకు చేర్చుటకు రాజు అతని నియోగించెను. పది విద్యలలో నతడు చక్రవర్తియట. ఆ పదియు నెవ్వియో శాసనము చెప్పకపోయినను, నేల వాలును కనిపెట్టుట అందొకటియై యుండక తీఱదు.

సింగాయభట్టు కాలువ త్రవ్వించి రాజధానికి మరలిపోయి యుండును. ఊర మిగిలినవారు ఇద్దఱు. ఒకడు నీరుగంటి, తెలంగాణమున వానిని నీరటి యందురు. తూము తీయువాడు, మూయువాడు, కట్టపై పడిన ఎలుక బొఱియను మొదట చూచువాడు, కలుజు పాఱునో లేదో మబ్బును చూచియే చెప్పువాడు అతడే. రెండవవాడు కరణము. ఏ సర్వేనంబరునకు ఏ నీటి యాధారము, ఏ పంట, ఎంత దిగుబడి యని అడంగలులో వ్రాయువాడతడు. పహాణీ వ్రాసిన పట్వారియు అట్టివాడే. ఈ యిద్దఱి జ్ఞానమును ఒక్కచోట చేర్చియున్నచో ప్రతి గ్రామమునకు నొక నీటిచరిత్ర సిద్ధమై యుండెడిది. చేరలేదు. కొలిచినవానికి వ్రాత లేదు. వ్రాసినవానికి బురద యంటలేదు. కులము వారి నడుమ గోడయై నిలిచినది. నీరుగంటి విద్య వానితో కాటికి పోయెను. కరణము వ్రాసిన లెక్క శిస్తు వసూలు కొఱకు తాలూకా కచ్చేరికి పోయెను. పూర్వకాలపు గ్రామవ్యవస్థను కొనియాడువారు ఈ మాటను మఱవరాదు.

ఆంగ్లేయ ప్రభుత్వము వచ్చిన పిదప చదువు, కొలత, కాగితము హెచ్చినవి. 1794లో మద్రాసున సర్వే పాఠశాల నెలకొల్పబడెను. అదియే కాలక్రమమున గిండీ ఇంజనీరింగు కళాశాల యైనది. దీనికి మూలము పరదేశపు నిపుణులు చాలక పోవుటయే గాని విద్యాదానము కాదు. 1858లో మద్రాసు ప్రభుత్వము కట్ట తెగినపుడు గ్రామస్థులు చేయు పనిని శాసనబద్ధము చేసెను. ఊరివా రెల్లరు పలుగు పారలతో తమంత తాము పోవు మర్యాద, దండనకు వెఱచి పోవు వెట్టిగా మాఱినపుడు, దానిలోని ప్రాణము పోయినది.

సర్ ఆర్థర్ కాటను ధవళేశ్వరమున 1847లో మొదలిడి 1852 నాటికి ముగించిన గోదావరి యానకట్ట ఈ కాలపు మహాకార్యము. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ నది కడ్డముగా ఇసుకపై నిలిచినది. అడుగు తెలియని ఇసుకలో పునాది నిలుపు విద్యను దక్షిణ దేశపు పూర్వికుల యానకట్టలనుండియే నేర్చుకొంటి మని కాటను స్వయముగా ఒప్పుకొనెను. కావేరిపై చోళులు కట్టిన కల్లణ ఆతనికి గురువు. ఆనకట్ట పనిలో ఆతని కుడిభుజమైన వీణెము వీరన్నగారి పేరును ధవళేశ్వరపు శిలాఫలకము నేటికిని చెప్పుచున్నది. కూలిజనమును కూర్చి నడిపించిన నేర్పు వీరన్నగారిది. పోరుమామిళ్ల లెక్కలో చెప్పవలెనన్నచో రెండవ సాధనము కాటనుదొర, పండ్రెండవ సాధనము వీరన్నగారు. ఇద్దఱును నదియొడ్డుననే ఏండ్లకొలది కాపురమున్నవారగుట ఆ కట్ట అదృష్టము.

ఆ పిదప ప్రభుత్వము పెద్ద యుద్యోగములకు కావలసిన ఇంజనీర్లను తయారుచేయుటకు ఇంగ్లండులోనే కూపర్సుహిల్లున 1871లో ఒక కళాశాలను తెఱచి 1906లో మూసివైచెను. కృష్ణా గోదావరుల నీటి లెక్క నేర్చుకొనుటకు థేమ్సునది యొడ్డునకు పోవలసిన కాలమది. హైదరాబాదు సంస్థానపు ప్రధాన ఇంజనీరై 1923–31 నడుమ మంజీరపై నిజాంసాగరమును కట్టించిన నవాబు అలీ నవాజ్‌జంగు బహద్దరు కూడ ఆ కూపర్సుహిల్లు విద్యార్థియే. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచినపుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నది పుట్టుచోట్ల వానలను, తెగిన చెఱువులను పరిశీలించి, వరదను నిలుపు జలాశయములను సూచించిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను ముగిసినవి. 1916లో పూనాయొద్దను, 1944లో మద్రాసునొద్ద పూండిలోను నీటి పరిశోధనాలయములు వెలసినవి. స్వదేశీయులు శాస్త్రజ్ఞులగుట ఇట్లు నెమ్మదిగా సాగినది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆసియా ఆఫ్రికా ఖండములలో క్రొత్తగా స్వతంత్రములైన దేశముల కన్నిటికి ఒకే చిక్కు వచ్చెను. నదులు తమవి, ఆనకట్టలు కట్టు ధనము అప్పు, నదిని చదువు విద్య పరాయిది. 1955లో రూర్కీ విశ్వవిద్యాలయమున ఆసియా ఆఫ్రికా దేశముల ఇంజనీర్లకు జలవనరుల శిక్షణాకేంద్రము స్థాపింపబడుట ఈ చిక్కునకు మంచి ప్రత్యుత్తరము. హాలెండులోని డెల్ఫ్టు నగరమున 1957లో విదేశీయ ఇంజనీర్ల కొఱకు అట్టిదే మఱియొక పాఠశాల వెలసెను. 1965 నుండి 1974 వఱకు పదేండ్లు యునెస్కో అంతర్జాతీయ జలశాస్త్ర దశాబ్దమును నడపెను. శ్రీలంకలో 1984లో అంతర్జాతీయ నీటిపారుదల యాజమాన్య సంస్థ పుట్టెను. హైదరాబాదున హిమాయత్‌సాగరమునొద్ద వాలంతరి యను నీటి, నేల యాజమాన్య శిక్షణ పరిశోధనా సంస్థ 1983లో వెలసెను. ఇవి యన్నియు మేలైన పనులే. కాని వీనిలో చదువుకొన్నవాడు ఇంజనీరు, పరిశోధింపబడినవాడు రైతు. రైతు ప్రశ్నలకు ఉత్తరములు చెప్పెను. ఆ యుత్తరముల లెక్కలు నివేదికలై నగరములకు, ఓడలమీదను విమానములమీదను విదేశములకు పోయినవి. ఊరికి తిరిగి వచ్చినవి స్వల్పము.

ఇంతలో నేలక్రింద మఱియొక చరిత్ర జరుగుచుండెను. రాయలసీమలోను, తెలంగాణమందలి మెట్ట తాలూకాలలోను నేల యడుగున నల్లరాయి, కఱకురాయి. పైన శిథిలమైన మెత్తని పొరలో కొంత నీరు, దిగువ రాతి పగుళ్లలో కొంత నీరు. తాతలు త్రవ్విన దిగుడుబావి మెత్తని పొర నీటిని త్రాగెను. మనుమలు వేసిన బోరు పగుళ్ల నీటిని పీల్చెను. పెద్దనదిపై ఆనకట్టకు వందమంది ఇంజనీర్లు కావలెను. బోరునకు ఒక లారీయు, అప్పిచ్చువాడును చాలును. ఒకరి బోరు ప్రక్కవాని బోరు నెండించినది. పోరుమామిళ్ల శాసనపు ఐదవ దోషము, నీరు కొంచెమై సాగునేల విస్తారమగుట, ఈ మాఱు భూగర్భమున వచ్చెను. ఎండిన బోరు ప్రక్కన అప్పుపత్రము మిగిలిన యిండ్లు అనంతపురము, మహబూబునగరము, నల్లగొండ మండలములలో ఎన్నియో లెక్కింప నలవి కాదు.

1605లో మచిలీబందరున కోఠీ పెట్టి కలంకారీ బట్టలు కొనిపోయిన హాలెండువారు, దాదాపు నాలుగు వందల యేండ్లకు మఱల తెలుగుదేశమునకు వచ్చిరి. ఈసారి బోరుబావులకై వచ్చిరి. 1995లో వారి ప్రభుత్వ సహాయముతో ఏపీవెల్ అను పథకము మొదలై, చిన్నకారు రైతులకు ఉమ్మడి బావులు వేయించెను. బావులు వేయుచుండగానే, నీటిని తోడుట నేర్పి నీటిని లెక్కించుట నేర్పకున్నచో ఈ బావులును ఎండుట నిశ్చయమని పని చేయువారికి తోచెను. అందుండి 2003లో ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకము పుట్టెను. బర్డ్స్ అను స్వచ్ఛంద సంస్థ తక్కిన సంస్థలను కూడగట్టుకొని దీనిని నడపెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడెను. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబునగరము, నల్లగొండ, ప్రకాశము అను ఏడు మండలములలో ఆఱు వందలకు పైగా పల్లెలు, అరువదికి పైగా చిన్న వాగుల పరీవాహములు ఇందు చేరినవి.

ఈ పథకము చేసిన పని చూచుటకు మిక్కిలి చిన్నది. రైతుల చేతికి ఒక వానకొలత పాత్ర, ఒక కొలబద్ద, ఒక రిజిష్టరు ఇచ్చెను. ఎంచుకొన్న బావులలో పదునైదు దినముల కొకసారి నీటిమట్టమును రైతులే, అందు స్త్రీలును పురుషులును, కొలిచి వ్రాసిరి. మోటారు పోయు నీటిని డ్రమ్ములో పట్టి, అది నిండుటకు పట్టు కాలమును గడియారముతో చూచి, గంటకెన్ని లీటర్లో కట్టిరి. ఆ యంకెలను ఊరి గోడపై బల్లకు ఎక్కించిరి. ఇండోనీషియాలో 1989లో వరిపురుగుల విషయమై మొదలైన రైతుక్షేత్ర పాఠశాల పద్ధతిని అనుసరించి, జూను నుండి మే వఱకు జలవత్సరము పొడవునను పక్షమున కొకసారి కూడు రైతు నీటి పాఠశాలలు నడచినవి. ఉపాధ్యాయుడు చెప్పగా వినుట కాక, బావియొద్దకు పోయి తాడు దింపి చూచుట ఆ బడిలో పాఠము.

ఆ లెక్క యెట్టిదో ఒక ఉదాహరణమున చూడవచ్చును. ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు వాన యనగా 4,047 లీటర్ల నీరు. అనంతపురము సీమలో సాలున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేయి యెకరముల పొలముపై అది 222 కోట్ల లీటర్లకు మించును. వినుటకు సముద్రమువలె తోచును. కాని కఱకురాతి నేలలో అందు రమారమి పదియవ వంతు గాని లోనికి దిగదు. తక్కినది ఎండ త్రాగును, చెట్లు త్రాగును, వాగున పాఱును. లోనికి దిగినది 22 కోట్ల చిల్లర. ఎండకారు వరికి ఎకరమునకు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలె ననుకొన్నచో అది దాదాపు 48½ లక్షల లీటర్లు. ఆ లెక్కను వేయి యెకరముల ఊరిలో బావులక్రింద వరి 46 యెకరములకు మించి నాటరాదు. అదియును మనుష్యులు, పశువులు త్రాగుటకు ఒక్క బిందెయు మిగుల్చుకొనక! వేరుసెనగకు 500 మిల్లీమీటర్లు చాలుననుకొన్నచో అదే నీరు 110 యెకరములను తడుపును. కూడిక, గుణకారము, భాగహారము తెలిసిన యెవ్వడైనను ఈ లెక్క వేయగలడు. వేయి యెకరములలో మూడు వందల యెకరముల వరి నాటిన యేడు బోరు లెందుకు ఎండినవో దైవమును అడుగ నక్కఱలేదు.

రబీ పంటకు ముందు, అక్టోబరు ప్రాంతమున, ఒక్కొక్క వాగు పరిధిలోని పల్లెల రైతులు ఒకచోట కూడి ఆ యేటి వాన, మట్టము, వేయదలచిన పంట అన్నియు కలిపి ఈ లెక్కను అందఱి యెదుట వేసిరి. ఇందు విశేషమేమన, ఇంత వరియే నాటవలెనని యెవ్వరును శాసింపలేదు. జరిమానా లేదు. లెక్క అందఱికిని తెలిసినది. నిర్ణయము ఎవరి చేను వారిది. అయినను పెక్కు పరీవాహములలో రైతులు వరిని తగ్గించి ఆరుతడి పంటలు వేసిరనియు, నీటి వాడుక తగ్గెననియు 2010లో ప్రపంచ బ్యాంకు ప్రకటించిన భారతదేశ భూగర్భజల నివేదిక ప్రశంసించెను. 2002లో రాష్ట్ర ప్రభుత్వము చేసిన నీరు, భూమి, చెట్ల చట్టము బోరు వేయుటకు అనుమతి కావలెనని చెప్పినది; ఆ చట్టమును చదివి బోరు మానుకొన్న వారికంటె, గోడమీద బల్లను చదివి మానుకొన్నవారే యధికులై యుందురు.

ఇంతవఱకు చెప్పినది మంచి. తరువాతి కథ అంత సుఖముగా లేదు. పరదేశపు ధనము ముగిసిన పిదప పెక్కుచోట్ల కొలతలు సన్నగిల్లినవి. పథకములో చేరిన ఊళ్లకును చేరని ఊళ్లకును నీటివాడుకలో అంత భేదము నిజముగా నున్నదా యని సందేహించిన పరిశోధకులును గలరు. వారి సందేహమును ద్వేషమని కొట్టివేయరాదు. వాన బాగుగా కురిసిన యేడు అందఱి బావులును నిండును, అపు డెవరి వివేకము వలన నీరు నిలిచెనో చెప్పుట కష్టము. ఈ ప్రశ్నను తేల్చుటకు కావలసినదియు మఱల దీర్ఘకాలపు కొలతయే. అయిదేండ్ల యంకెలతో వానల లోకము లొంగదు. పథకములకు ఆయుర్దాయము అయిదేండ్లు. కఱవు పదేండ్లకో పదునైదేండ్లకో వచ్చును. ఇదియే మూలమైన చిక్కు.

మఱియొకటి గలదు. 1984–85లో కరణము, మునసబు, పటేలు, పట్వారీ పదవులు రద్దయ్యెను. ఆ పదవులలో వంశపారంపర్యమును, దౌర్జన్యమును ఉండినందున రద్దు న్యాయమే. కాని ఆ సందడిలో ఊరి లెక్క ఊర నుండవలెనను మాట కూడ కొంత పలుచబడెను. ఇప్పుడు ప్రభుత్వ భూగర్భజల శాఖవారు పరిశీలనకై వేసిన బోర్లలో స్వయముగా మట్టమును గుర్తించు యంత్రము లమర్చబడినవి. ఆ యంకె నేలలోనుండి తిన్నగా నగరములోని తెఱమీదికి పోవును. అది కోష్ఠాగారము ముందరి కుండమువంటిది. యంత్రము తప్పక కొలుచును, అలసట నెఱుగదు, సందేహము లేదు. కాని దానిని చూచి వరి మానదలచిన రైతు ఆ తెఱ ముందర లేడు.

కేంద్రప్రభుత్వము 2019 డిసెంబరులో అటల్ భూజల పథకమును ప్రారంభించెను. గ్రామస్థులే వానను, మట్టమును కొలిచి, గ్రామపు నీటి బడ్జెటు కట్టి, దానినిబట్టి పంటలు నిర్ణయించుకొనుట అందు ముఖ్యభాగము. అనంతపురమునను, నల్లగొండనను రైతులు పదునైదేండ్లకు ముందే చేసిన పనికి ఇది దగ్గఱి చుట్టము. హర్యానా, గుజరాతు, కర్ణాటకము, మధ్యప్రదేశము, మహారాష్ట్రము, రాజస్థానము, ఉత్తరప్రదేశము అను ఏడు రాష్ట్రములను అందుల కెంచుకొనిరి. తెలుగు రాష్ట్రములు రెండింటిలో ఒక్కటియు ఆ జాబితాలో చేరలేదు.

ఇట్టి లెక్క పథకముతో పుట్టి పథకముతో గిట్టకుండ ఊర నిలుచుటకు అధికారికంటె ఒక స్థలము ముఖ్యము. ఎవరి యిల్లును కాక, ఏ కులపు చావడియు కాక, ఎవ్వరు వచ్చి చూచినను అడ్డులేని చోటు కావలెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నెలకొల్పిన పెద్దలు అట్టి చోటునే ప్రతి పల్లెకును కోరిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో పడవమీద గ్రంథములను ఊరూరికి త్రిప్పినపుడు, కాటనుదొర వెంబడి వచ్చినవారు త్రవ్విన కాలువలే పుస్తకములను మోసినవి. నీరు గ్రంథాలయమునకు చేసిన ఆ యుపకారము ఇంకను తీఱలేదు. వానకొలత పాత్రను గ్రంథాలయపు మిద్దెపై కాక, చెట్టునీడ పడని ఆవరణలో నుంచవలెను. ఉదయము ఎనిమిదిన్నరకు చూచి వ్రాయవలెను. బావుల మట్టమును బడిపిల్లలును కొలువగలరు. పది బావులను పదునైదు దినముల కొకసారి కొలిచినచో ఏడాదికి 240 అంకెలు. ఇరువదియైదేండ్లకు ఆఱు వేలు. ఒక దళసరి రిజిష్టరులో అవి పట్టును. వార్తాపత్రికల బల్లప్రక్కన దారముతో కట్టిన పెన్సిలుతో సహా దానికి కావలసిన తావు జానెడు.